ఆ జన్యువు అందరిలోనూ ఉంది

సంపాదకులకు నమస్కారం.

తెలుగు పత్రికల ఆరోగ్యం పేజీల్లో కొన్నేళ్లుగా ఒకే తరహా శీర్షికలు కనిపిస్తున్నాయి. ‘షుగర్ జన్యువు’, ‘క్యాన్సర్ జన్యువు ఉంటే జాగ్రత్త’, ‘తలసీమియా జన్యువు ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోవచ్చా’ అంటూ. రాసేవారి ఉద్దేశం మంచిదే. కానీ ఆ ఒక్క మాట దగ్గర జరిగే పొరపాటు హైదరాబాద్‌లో పెళ్లిచూపుల దాకా వెళ్తోంది. ‘అమ్మాయికి తలసీమియా జన్యువు ఉందట’ అనగానే కుదిరిన సంబంధం తప్పిపోతుంది. ఇంకోచోట, నిజంగా పరీక్ష చేయించుకోవాల్సిన జంట ‘మా ఇంట్లో ఆ జన్యువు లేదులెండి’ అని ధీమాగా ఉండిపోతుంది. రెండూ నష్టమే. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాయాల్సి వస్తోంది.

తలసీమియా అంటే హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని జబ్బు. తలసీమియా జన్యువు అంటూ వేరే ఏదీ లేదు. ఉన్నది రక్తంలోని హిమోగ్లోబిన్‌కు బీటా గొలుసును తయారుచేసే జన్యువు. అది పదకొండో క్రోమోజోము మీద ఉంటుంది. అమ్మ నుంచి ఒక ప్రతి, నాన్న నుంచి ఒక ప్రతి, ప్రతి మనిషిలోనూ రెండు ప్రతులు ఉంటాయి. జబ్బు తెచ్చేది ఆ జన్యువు ఉండటం కాదు, దాని ప్రతిలో దొర్లిన తప్పు. పత్రిక నడిపేవారికి అచ్చుతప్పు గురించి వేరే చెప్పనక్కర్లేదు. ‘కళ్లు ఎర్రబడ్డాయి’ అనాల్సిన చోట ‘కల్లు’ అని పడితే ఒక్క అక్షరంతో వాక్యం ఎటో పోతుంది. తాళపత్రాల్లో ఒకే పద్యానికి పాఠాంతరాలు ఉన్నట్టే ఒకే జన్యువుకూ పాఠాంతరాలుంటాయి. వాటినే పదో తరగతి పుస్తకంలో యుగ్మవికల్పకాలు అన్నారు, ల్యాబుల్లో అల్లీళ్లు అంటారు. ఆ మాట నోరు తిరగదని పత్రికలు వదిలేశాయి. వదిలేసిన చోటే అర్థం తారుమారైంది.

పాఠాంతరాలన్నీ తప్పులు కావు. బ్లడ్ గ్రూపునే చూడండి. తొమ్మిదో క్రోమోజోము మీద ఒకే జన్యువు, దానికి ముఖ్యంగా మూడు పాఠాలు: ఏ, బీ, ఓ. ‘ఏ’ పాఠం నుంచి వచ్చే ఎంజైము ఎర్రకణం పైపొర మీద ఒక రకం చక్కెరను అతికిస్తుంది, బీ పాఠపు ఎంజైము ఇంకో రకం చక్కెరను. ఓ గ్రూపు వారిలో అసలు ఆ జన్యువే లేదని చాలామంది అనుకుంటారు. ఉంది. అందులో ఒక్క అక్షరం జారిపోయింది, అంతే. కణం జన్యువును మూడేసి అక్షరాల చొప్పున చదువుకుంటూ పోతుంది. మధ్యలో ఒకటి జారిందంటే అక్కడినుంచి మూడు మూడు విడగొట్టే చోట్లన్నీ పక్కకు జరిగిపోతాయి, కాస్త ముందుకెళ్లేసరికి ‘ఇక ఆపు’ అనే గుర్తు తగులుతుంది. ఎంజైము అరకొరగా తయారై పనికిరాకుండా పోతుంది, చక్కెర అతకదు. అలాగని ఓ గ్రూపు వారికి వచ్చిన లోటేమీ లేదు కదా.

ఏ, బీ రెండూ ఉంటే రెండూ పైకి కనిపిస్తాయి. ఓ మాత్రం పక్కన ఏ గానీ బీ గానీ ఉంటే దాగిపోతుంది. అందుకే ‘ఏ’ గ్రూపు తండ్రికి, ‘బీ’ గ్రూపు తల్లికి ఓ గ్రూపు బిడ్డ పుట్టడంలో విడ్డూరం లేదు. ఇద్దరిలోనూ ఓ దాగి ఉంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరు ఏబీ అయితే మాత్రం ఓ బిడ్డ మామూలుగా పుట్టదు. అలా రిపోర్టు వచ్చిందని ఆ తల్లిని నిలదీసే ముందు గ్రూపు పరీక్ష మళ్లీ చేయించాలి, ఆపైన బాంబే గ్రూపు సంగతి చూడాలి. 1952లో బొంబాయిలో భెండే, ఆయన సహచరులు బయటపెట్టిన గ్రూపు అది. ఏ, బీ చక్కెరలు అతుక్కోవడానికి కింద హెచ్ అనే పునాది కావాలి, దాన్ని వేసే జన్యువు వేరు. దాని రెండు ప్రతులూ పాడైతే, ఏ గానీ బీ గానీ ఉన్నా పైకి ఓ లాగే తేలుతుంది. వారికి మామూలు ఓ రక్తం కూడా ఎక్కించకూడదు. రక్తం గ్రూపు కాగితం చూసి ఒక ఆడమనిషి శీలాన్ని నిర్ణయించే ఇళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి ఇంత వివరంగా రాయాల్సి వచ్చింది.

ఇప్పుడు బీటా గొలుసు దగ్గరికి. సికిల్‌సెల్‌లో మారేది ఒక్క అక్షరమే. డీఎన్‌ఏ అక్షరాలు జీ-ఏ-జీ అని ఉండాల్సిన చోట జీ-టీ-జీ పడుతుంది. దాంతో గొలుసులో ఆరో స్థానంలో గ్లుటమిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లానికి బదులు వాలీన్ వచ్చి కూర్చుంటుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు అలాంటి హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అంటుకుని పొడవాటి పుల్లల్లా తయారై ఎర్రకణాన్ని కొడవలిలా వంచేస్తాయి. వంగిన కణాలు సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఒళ్లు తెగ్గోసినట్టు వచ్చే నొప్పులకు కారణం అదే. బీటా తలసీమియాలో గొలుసు ఆకారం మారదు, తయారీయే తగ్గిపోతుంది లేదా ఆగిపోతుంది. మన దేశంలో ఎక్కువగా కనిపించే లోపం జన్యువు మధ్యలో, కత్తిరించి అతికించే హద్దు దగ్గర జరిగిన ఒక్క అక్షరం మార్పు. కణం ఎక్కడ కత్తిరించాలో పొరబడుతుంది.

రెండు ప్రతుల్లో ఒకటి మాత్రమే ఇలా పాడైతే రెండోది పని నెట్టుకొస్తుంది. వారే క్యారియర్లు. రోగులు కారు. వారికి రక్తం ఎక్కించాల్సిన అవసరం ఉండదు, ఆయుష్షుకు ఢోకా లేదు. ‘తలసీమియా మైనర్ వ్యాధిగ్రస్తులు’ అని అచ్చేయడం అందుకే తప్పు. సికిల్‌సెల్ క్యారియర్లకైతే ప్రాణం తీసే మలేరియా నుంచి కొంత రక్షణ కూడా ఉందని 1954లో ఆంథొనీ ఆలిసన్ చూపించాడు. మలేరియా ఉన్న మన్యాల్లో ఆ పాఠం తరాలు గడిచినా చెరిగిపోకుండా నిలవడానికి కారణం అదే. మలేరియా క్రిమి దోమ కడుపులో ఉంటుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన బేగంపేటలోనే. ఆదిలాబాద్ గోండు గూడేలనుంచి వచ్చే సికిల్‌సెల్ బిడ్డకూ ఆ దోమకూ ఉన్న సంబంధం అంత పాతది.

తలసీమియాతో రెండు ప్రతులూ పాడైన బిడ్డ సంగతి వేరు. దీన్నే తలసీమియా మేజర్ అంటారు. పుట్టినప్పుడు ముద్దుగా, మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్‌కు బీటా గొలుసు అక్కర్లేదు. ఆరు నెలలనుంచి రెండేళ్ల లోపు పాలిపోవడం, పాలు తాగకపోవడం, పొట్ట ఉబ్బడం మొదలవుతాయి. ఆపైన రెండు నుంచి నాలుగు వారాలకోసారి జీవితాంతం రక్తం ఎక్కించాలి. ఎక్కించే ప్రతి యూనిట్‌తోపాటు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరుతుంది. శరీరం బయటికి పంపగలిగేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. మిగిలింది గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని దింపే మందులు రోజూ వాడాలి. పదిసార్లో ఇరవైసార్లో రక్తం ఎక్కించాక, లేదా ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ వెయ్యి దాటాక ఇవి మొదలుపెడతారు. ఎముక మూలుగు మార్పిడికి సరిపోయే తోబుట్టువు దొరికే అవకాశం ఒక్కొక్కరితో నాలుగింట ఒకటి.

ఈ బాధను ముందుగా పసిగట్టే తొలి పరీక్ష సీబీపీ అనే మామూలు రక్తకణాల పరీక్ష. జంటనగరాల్లో ఏ వీధి చివర ల్యాబులోనైనా చేస్తారు. పరగడుపున వెళ్లక్కర్లేదు, ఊదారంగు మూత ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం చాలు. చిక్కల్లా ఆ కాగితంలో అందరూ హిమోగ్లోబిన్ అంకె ఒక్కటే చూసి మడిచి పెట్టేయడం. క్యారియర్‌కు హిమోగ్లోబిన్ పదకొండో పన్నెండో ఉండొచ్చు, ‘కొంచెం తక్కువుంది, ఐరన్ మాత్రలు వాడమ్మా’ అనేసి పంపేస్తారు. దాని కింద ఉన్న మూడు వరుసలు చూడాలి. ఎర్రకణం సగటు పరిమాణం ఎంసీవీ 80 కంటే తక్కువగా ఉందా, ఒక్కో కణంలోని హిమోగ్లోబిన్ బరువు ఎంసీహెచ్ 27 కంటే తక్కువగా ఉందా, అదే సమయంలో ఎర్రకణాల లెక్క ఎక్కువగా ఉందా అని. మూడూ కలిస్తే అనుమానించాలి.

ఒక లెక్క చేసి చూపిస్తాం. ఒకరి రిపోర్టులో హిమోగ్లోబిన్ 11.6, ఎర్రకణాలు 5.8 మిలియన్లు, ఎంసీవీ 64, ఎంసీహెచ్ 20 ఉన్నాయనుకోండి. ఎంసీవీ 64ను ఎర్రకణాల లెక్క 5.8తో భాగిస్తే 11 వస్తుంది. ఈ లెక్కలో హద్దు 13, దానికంటే తక్కువ కాబట్టి తలసీమియా క్యారియర్ అయ్యే అవకాశం ఎక్కువ. ఇంకొకరికి హిమోగ్లోబిన్ 9.4, ఎర్రకణాలు 4.1, ఎంసీవీ 72. భాగిస్తే పదిహేడున్నర. ఇది ఎక్కువగా ఇనుము లోపం. తేడా ఎందుకంటే, ఇనుము చాలనప్పుడు మూలుగు కణాలనే తక్కువగా తయారుచేస్తుంది. తలసీమియా క్యారియర్‌లో ముడిసరుకుకు కొదవ లేదు, కణాలు చిన్నవైపోయాయి కాబట్టి ఎక్కువ కణాలు తయారుచేసి సర్దుకుంటుంది. ఈ భాగహారం దారి చూపుతుందే తప్ప తీర్పు చెప్పదు. రెండూ కలిసి ఉన్నవాళ్లూ ఉంటారు, మన ఆడపిల్లల్లో మరీనూ. అందుకే ఐరన్ మాత్రలు నెలల తరబడి మింగించే ముందు ఒకసారి ఫెరిటిన్ చూడాలి. ఇనుము తక్కువుంటే క్యారియర్‌కైనా ఇవ్వాల్సిందే. సరిపడా ఉంటే మాత్రం ఎన్ని మాత్రలు మింగినా ఆ 11.6 కదలదు.

తీర్పు చెప్పేది హెచ్‌పీఎల్‌సీ. హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి ఏది ఎంత శాతమో చూపే యంత్రం. అందులో హిమోగ్లోబిన్ ఏ2 అనే వరుస చూడాలి. మామూలుగా మూడున్నర శాతం లోపు ఉంటుంది. బీటా తలసీమియా క్యారియర్లలో సాధారణంగా నాలుగు నుంచి ఆరు వరకు ఉంటుంది. సికిల్‌సెల్ క్యారియర్ అయితే ఎస్ అనే వరుస కనిపిస్తుంది, సగం కంటే తక్కువే ఉంటుంది. ఇక్కడ దొర్లే తప్పులు చెప్పాలి, ఎందుకంటే వాటివల్లే ‘నార్మల్ అన్నారు కదా, మరి బిడ్డకెలా వచ్చింది’ అనే ప్రశ్న వస్తోంది.

ఇనుము బాగా తక్కువున్నప్పుడు ఏ2 కిందికి దిగుతుంది, క్యారియర్ నార్మల్‌గా తేలొచ్చు. 3.3 నుంచి 3.9 మధ్య అంకె వస్తే దాన్ని నార్మల్ అనీ కాదనీ రాసేయకూడదు. ఇనుము లోపం సరిచేసి మళ్లీ చూడాలి లేదా నేరుగా డీఎన్‌ఏ పరీక్షకు పంపాలి. బీ12 లోపం ఏ2ను కాస్త పైకి నెడుతుంది. గత మూడు నాలుగు నెలల్లో రక్తం ఎక్కించుకుని ఉంటే యంత్రం చూపేది దాత రక్తాన్ని కూడా, ఆ రిపోర్టును నమ్మడానికి లేదు. ఏడాది నిండని పసిబిడ్డకు ఈ పరీక్షతో బీటా తలసీమియా క్యారియరో కాదో చెప్పలేం. హిమోగ్లోబిన్‌లోని రెండో గొలుసైన ఆల్ఫాలో లోపమున్న ఆల్ఫా తలసీమియా క్యారియర్లు దీనికి దొరకరు. గూడేల్లో సికిల్‌సెల్ కోసం చేసే సాల్యుబిలిటీ పరీక్ష చౌక, త్వరగా అయిపోతుంది, కానీ అది పాజిటివ్ అయితే క్యారియరో రోగో చెప్పదు. బీటా తలసీమియాను అసలు పట్టదు. దానిమీద ఆగకుండా హెచ్‌పీఎల్‌సీ దాకా వెళ్లాల్సిందే. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్‌సెల్ మిషన్ నలభై ఏళ్ల లోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని పెట్టుకుంది. ఆ శిబిరాల వార్తలు రాసేటప్పుడు ఎందరికి పాజిటివ్ అన్నదానితో సరిపెట్టకుండా, వారిలో క్యారియర్లు ఎందరు, రోగులు ఎందరు అన్నది విడదీసి రాయమని మనవి.

ఒకరు తలసీమియా క్యారియర్, మరొకరు సికిల్‌సెల్ క్యారియర్ అయితే ‘వేరే వేరే జబ్బులు కదా’ అనుకుంటారు. రెండూ ఒకే జన్యువు పాఠాంతరాలు. బిడ్డకు చెరొకటి వస్తే మంచి ప్రతి ఒక్కటీ మిగలదు, జబ్బు వస్తుంది. తూర్పు రాష్ట్రాల్లో ఎక్కువగా కనిపించే హిమోగ్లోబిన్ ‘ఈ’ అనే పాఠాంతరం కూడా అంతే. రకరకాల ప్రాంతాలవాళ్లు స్థిరపడి సంబంధాలు కలుపుకుంటున్న హైదరాబాద్‌లో ఈ కలయికలను తేలిగ్గా తీసుకోకూడదు.

ఇద్దరూ క్యారియర్లైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒకటి జబ్బు, నాలుగింట రెండు క్యారియర్, నాలుగింట ఒకటి పూర్తిగా మామూలు. ప్రతి కాన్పులోనూ అన్న మాట గట్టిగా అచ్చేయాలి. ‘మొదటి బిడ్డకు వచ్చేసింది, ఇక మిగతా ముగ్గురికీ రాదు’ అన్న నమ్మకంతో రెండో జబ్బు బిడ్డను కన్న ఇళ్లున్నాయి. అష్టాచెమ్మాలో గవ్వలు కిందటిసారి ఎలా పడ్డాయో గుర్తుపెట్టుకోవు.

ఒక్కరే క్యారియర్ అయితే బిడ్డకు తలసీమియా మేజర్ రాదు. సంబంధం వదులుకోవాల్సిన పనే లేదు. ఇద్దరూ క్యారియర్లే అయినా పెళ్లి మానుకోమని ఏ జన్యు సలహాదారూ చెప్పరు. చెప్పేది వేరు: గర్భం దాల్చకముందే ఇద్దరి డీఎన్‌ఏలో తప్పు ఏ అక్షరం దగ్గరుందో తేల్చుకోండి అని. దానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. అది చేతిలో ఉంటే, పదకొండు నుంచి పదమూడు వారాల మధ్య మాయలోంచి చిన్న నలుసు తీసి చూస్తారు. ఆ అదను దాటితే పదహారో వారం ప్రాంతంలో ఉమ్మనీరు తీస్తారు. తల్లి కణాలు కలిసిపోయి తప్పు ఫలితం రాకుండా వాటిని వేరుచేసి చూసుకునే పరీక్ష తప్పనిసరి. ల్యాబు అది చేసిందా అని అడిగి తీరాలి. తల్లి ఆర్‌హెచ్ నెగెటివ్ అయితే తర్వాత యాంటీ-డీ ఇంజెక్షన్ మరవకూడదు. చేయి తిరిగిన వైద్యులు చేస్తే గర్భం పోయే ప్రమాదం వందకు ఒకటి కంటే తక్కువ. ఈ డీఎన్‌ఏ పని చేసే సంస్థలు మన ఊళ్లోనే ఉన్నాయి: ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ, హబ్సిగూడలో సీసీఎంబీ, నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం. స్కానింగ్ చట్టం పేరు చెప్పి భయపడేవారున్నారు. 1994 చట్టం నేరమన్నది ఆడో మగో చెప్పడాన్ని. హిమోగ్లోబిన్ జబ్బుల కోసం పరీక్షించడాన్ని ఆ చట్టమే అనుమతించింది.

దెబ్బ తగిలేది ఎక్కువగా టైము దగ్గర. మూడో నెలలో భార్యకు సీబీపీ, అందులో అనుమానం వస్తే మరో రెండు వారాలకు హెచ్‌పీఎల్‌సీ, అది తేలాక ‘మీ ఆయన్ని తీసుకురండి’, ఆయన డ్యూటీ నుంచి సెలవు దొరికి వచ్చేసరికి ఇంకో నెల, ఆపైన డీఎన్‌ఏ. ఇరవై రెండో వారం వచ్చేస్తుంది. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం, గర్భం తీయించుకోవాలంటే ఇరవై వారాల దాకా ఒక వైద్యుడి అభిప్రాయం చాలు, ఇరవై నుంచి ఇరవై నాలుగు దాకా నిర్దేశించిన సందర్భాల్లో ఇద్దరిది కావాలి, ఆ తర్వాత తీవ్రమైన లోపాలకు మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాలి. ఆ చివరి వారాల్లో ఆ తల్లి పడే క్షోభ మాటల్లో చెప్పేది కాదు. భార్యాభర్తలిద్దరి రక్తం మొదటి రోజే ఒకేసారి తీస్తే ఈ ఆలస్యంలో సగం తప్పుతుంది. పెళ్లికి ముందే తీస్తే మొత్తం తప్పుతుంది.

మేనరికాల గురించి రాయకుండా ఉండలేం. మేనమామను చేసుకుంటే, బిడ్డలో ఏ జన్యువు తీసుకున్నా దాని రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి దిగివచ్చినవై ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనబావ, మేనమరదలు అయితే పదహారింట ఒకటి. తాతగారిలోనో అమ్మమ్మలోనో ఎవరికీ తెలియకుండా దాగి ఉన్న ఒక పాడు ప్రతి రెండు దారుల్లో దిగి ఒకే బిడ్డలో కలుసుకుంటుంది. ఎవరికైనా పుట్టే బిడ్డల్లో తీవ్రమైన లోపాలు వందకు రెండు మూడు ఉంటే, మేనరికంలో అది దాదాపు రెట్టింపు. అంటే వందలో తొంభై మందికి పైగా బాగానే పుడతారు. అందుకే ‘మా ఇంట్లో నాలుగు తరాల మేనరికాలు, ఎవరికేం కాలేదు’ అనే మాట నిజమే అయినా రుజువు కాదు.

‘గోత్రాలు వేరు కదా’ అనే మాటకు కూడా జవాబు రావాలి. గోత్రం తండ్రి వైపు గీత ఒక్కటే. మేనమామ కూతురి గోత్రం వేరే, కానీ అబ్బాయికి అమ్మ వైపు తాతామ్మమ్మలే ఆ అమ్మాయికి నాన్న వైపు తాతా నానమ్మలు. గోత్రం కలవకపోవడానికీ జన్యువులు కలవకపోవడానికీ సంబంధం లేదు. దగ్గరి చుట్టరికం లేకున్నా, వందల ఏళ్లుగా ఒకే కులంలో ఇచ్చిపుచ్చుకుంటున్న చోట కూడా ఒకప్పటి పూర్వీకుడి పాఠాంతరం ఎక్కువ మందిలో మిగిలిపోతుంది. వైశ్యుల్లో కొందరిలో బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఇలా నిలిచిందే. మామూలు రోజుల్లో దానితో ఏ ఇబ్బందీ లేదు. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు వదులు చేసే సక్సినైల్‌కోలిన్ ఇస్తే, ఐదు పది నిమిషాల్లో దిగాల్సిన మందు గంటల తరబడి దిగదు. అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత అలా జరిగి ఉంటే మిగతావారు మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి, ఆయన వేరే మందు వాడతారు. కులాన్ని కించపరిచే విషయం కాదిది. ప్రతి కులంలోనూ దానిదైన పాఠాంతరాలు ఉంటాయి, కొన్ని ఇంకా బయటపడలేదంతే.

ఎర్రకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము సంగతి కొంచెం చెబుతాం, ఎందుకంటే దాని ముప్పు బాలింత గదిలోనే ఉంది. దాన్ని తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగపిల్లలకు ఎక్స్ ఒక్కటే కాబట్టి అడ్డుకునే రెండో ప్రతి ఉండదు, తల్లి నుంచి వచ్చింది పాడైతే లోపం బయటపడుతుంది. అలాంటి పసివాడికి, ట్రంకుపెట్టెలో కలరా ఉండలు వేసి దాచిన పాత పొత్తిగుడ్డలు ఉతక్కుండా చుడితే ఆ వాసనకే ఎర్రకణాలు పగిలి, కామెర్లు ముదిరి మెదడుకు ఎక్కొచ్చు. పెద్దవాళ్లలో మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్, కుష్ఠుకు ఇచ్చే డాప్సోన్ ఇదే పని చేస్తాయి, మూత్రం డికాక్షన్ రంగులో వస్తుంది. పరీక్షలో ఒక మెలిక ఉంది. కణాలు పగులుతున్న రోజుల్లో పాతవి పోయి, ఎంజైము ఎక్కువగా ఉండే కొత్త కణాలే మిగులుతాయి కాబట్టి అప్పుడు చేస్తే నార్మల్ అని రావొచ్చు. రెండు మూడు నెలలాగి మళ్లీ చేయాలి. అప్పటిదాకా లోపం ఉన్నట్టే భావించి మందులు రాయాలి.

ఇక షుగర్, బీపీ, గుండెజబ్బు. వీటికి పైన చెప్పిన లెక్కలేవీ పనికిరావు. టైప్ 2 షుగర్‌తో ముడిపడిన చోట్లు జన్యురాశిలో వందల సంఖ్యలో తేలాయి. వాటిలో బలమైనదిగా పేరుపడ్డ టీసీఎఫ్7ఎల్2లోని పాఠాంతరం కూడా ఒక్కో ప్రతికి ముప్పును సుమారు 40 శాతం పెంచుతుంది, అంతే. తిండి, నడక, నడుము చుట్టుకొలత దానికంటే ఎక్కువ మాట్లాడతాయి. 2009లో సీసీఎంబీ పరిశోధకులు గుండె కండరానికి చెందిన ఒక జన్యువులో 25 అక్షరాలు ఊడిపోయిన పాఠాన్ని బయటపెట్టారు, ఉపఖండంలో వందకు సుమారు నలుగురిలో ఉంటుందది. ఉన్నవారందరి గుండే దెబ్బతినదు, ముప్పు పెరుగుతుంది. ‘గుండెపోటు జన్యువు’ అని రాస్తే కోట్ల మందిని ఊరికే భయపెట్టినట్టే.

రొమ్ము క్యాన్సర్‌తో ముడిపెట్టి చెప్పే బీఆర్‌సీఏ జన్యువులూ అందరిలో ఉంటాయి, వాటి అసలు పని తెగిన డీఎన్‌ఏను బాగుచేయడం. పాడైన ప్రతి వచ్చిన ఆడవారికి జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ ముప్పు సగానికి పైనే. ఆ ప్రతి తండ్రి నుంచి కూడా రావొచ్చు, కాబట్టి మేనత్తల చరిత్ర కూడా అడగాలి. రిపోర్టులో ‘అర్థం తేలని మార్పు’ అని వస్తే దాన్ని పట్టుకుని ఆపరేషన్‌కు పరుగెత్తకూడదు. అలాంటి మార్పుల్లో ఎక్కువ శాతం తర్వాత నిరపాయమని తేలుతున్నాయి. ఉమ్మితో చేసే ప్యాకేజీ పరీక్షల ప్రకటనలు వేసే ముందు, ఆ పరీక్ష జన్యువు మొత్తాన్ని చదువుతుందా, ముందే ఎంచుకున్న కొద్ది అక్షరాలనే చూస్తుందా అని ప్రకటనదారులను అడగాలి. కొద్ది అక్షరాలు చూసి ‘ముప్పు లేదు’ అని చేతికిచ్చిన కాగితం మనిషిని నిశ్చింతగా చెడగొడుతుంది.

మా మనవి ఇంతే. ‘ఫలానా జబ్బు జన్యువు’ అని కాకుండా ‘ఫలానా జన్యువులో లోపమున్న ప్రతి’ అని రాయండి. క్యారియర్‌ను రోగి అనకండి. జన్యువుల వార్త వచ్చిన రోజున పక్కన చిన్న పెట్టె కట్టి, ఒక ప్రతిలో తప్పుంటే ఏమవుతుంది, రెండింటిలో ఉంటే ఏమవుతుందో రెండు వాక్యాల్లో చెప్పండి.

క్యారియర్ అని తేలిన పాఠకులకు ఒక మాట. తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ ఆ ప్రతి ఉండే అవకాశం సగం. ముందు అమ్మకూ నాన్నకూ చేయించండి, ఏ వైపు నుంచి వచ్చిందో తెలుస్తుంది. అమ్మ వైపు అని తేలితే మేనమామలు, పిన్నమ్మలు, పెద్దమ్మలు, వారి పిల్లలు చేయించుకోవాలి. నాన్న వైపు అయితే మేనత్తలు, బాబాయిలు, పెదనాన్నలు, వారి పిల్లలు. రిపోర్టు నకలు దాచి ఉంచండి. బంధువులు డీఎన్‌ఏ పరీక్షకు వెళ్లినప్పుడు ఏ అక్షరం దగ్గర వెతకాలో ల్యాబుకు దానినుంచే తెలుస్తుంది.

ఇట్లు,
జన్యు పరీక్షలు, సలహాల పనిలో ఉన్నవాళ్లం
తార్నాక, హైదరాబాద్